నంబరు తగ్గిన కళ్ళజోడు

ఆవిడకి కోపం ముక్కు మీదే ఉండేది. కళ్ళజోడూ అక్కడే ఉండేది. రెండింట్లో ఏది ఎక్కువ బరువో చెప్పగలిగినవాడు ఒక్కడే, ఆవిడ మొగుడు. అతనేమో నోరు తెరిచే రకం కాదు.

ఆ బజారు మొత్తానికి వాళ్ళదొక్కటే మేకమాంసం కొట్టు. ముందు ఇనుప షట్టరు, లోపల పైకప్పు దూలానికి వరసగా కొక్కేలు, గోడవారన నీళ్ళతొట్టి, మూలన గల్లాపెట్టె ముందు పీట వేసుకుని అత్తగారు, గది మధ్యలో మొద్దు. మొద్దంటే ఏదో పీటలాంటిది అనుకునేరు. నడుం ఎత్తు చెట్టు బోదె అది. ఏళ్ళ తరబడి కత్తి దెబ్బలు తిని తిని నడిమధ్య గుంటపడిపోయింది. దానికి ఇటువైపు ఆవిడ, అటువైపు మొగుడు. నరికేది ఆవిడ. కదలకుండా పట్టుకునేది అతను.

అదేమిటమ్మా, తిరగబడిందే వ్యవహారం అని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వేవారు. నవ్వరా మరి! అసలు సంగతి ఏమిటంటే, మామగారు బతికున్న రోజుల్లో కత్తి ముందు కొడుకు చేతికే ఇచ్చాడు. ఆ మహానుభావుడు చెయ్యెత్తాడంటే భుజం దగ్గర్నుంచీ వణుకే. మొదటి దెబ్బ మొద్దు అంచున పడింది. రెండో దెబ్బకి ముసలాయన పక్కకి దూకకపోతే ఆ రోజే పోయేవాడు. ఆయన కొడుకు చెంప ఛెళ్ళుమనిపించి, కత్తి లాక్కుని, కాపురానికొచ్చి నెల తిరగని కోడలి చేతిలో పెట్టాడు. "నువ్వు కొట్టవే అమ్మాయ్" అన్నాడు. ఆ అమ్మాయి కళ్ళజోడు పైకి నెట్టుకుని ఒక్క దెబ్బకి తొడ ఎముకని రెండు చేసింది. ముసలాయన నోరెళ్ళబెట్టాడు.

పోయేముందు ఆయన ఇద్దరికీ ఒకటే పాఠం చెప్పాడు. "కొట్టేవాళ్ళ కళ్ళు పట్టుకున్నవాడి వేళ్ళ మీద ఉండాలి. పట్టుకున్నవాడి కళ్ళు కొట్టేవాళ్ళ మొహం మీద ఉండాలి. కొట్టేవాళ్ళు కళ్ళు చికిలించారో, తడబడ్డారో, చెయ్యి లాగెయ్. అంతేగానీ కత్తివంక చూశావో, నీ వేళ్ళు నీవి కావు." ఆ పాఠం ప్రకారం రోజూ పొద్దున్నే అతను కుడిచెయ్యి ఆసరాగా ఎడమచేత్తో కాలో, రొమ్మో, వెన్నో మొద్దు మీద అదిమిపట్టి ఆవిడ మొహంలోకి చూసేవాడు. కత్తి అతని వేళ్ళకి జానెడు దూరంలో దిగేది. మళ్ళీ లేచేది, మళ్ళీ దిగేది. ఆ కొట్టు బతుకంతా ఆ జానెడులోనే ఉంది.

ఆవిడ కళ్ళజోడు చిన్నప్పటిది. తొమ్మిది నంబరు. బళ్ళో సోడాబుడ్డి అని పిలిచిన పిల్లదాన్ని పలకతో నెత్తిమీద బాదితే ఆ పిల్లకి కుట్లు పడ్డాయి, ఈవిడకి బడి పోయింది. తర్వాత పక్కింటివాళ్ళు, చుట్టాలు, సొంత ఆడపడుచు, అందరూ ఆ మాట అన్నవాళ్ళే, అందరూ వడ్డీతో సహా తిన్నవాళ్ళే. ఆడపడుచు అయితే ఒకసారి ముంజేతి మీద పంటిగాట్లు పెట్టించుకుని వెళ్ళింది. అయినా ఆ పేరు చావలేదు.

అసలు దెబ్బ ఎదురుగా ఉన్న చేపల కొట్టువాడి వల్ల తగిలింది. వాడు రోజూ చేపలు కడిగిన నీళ్ళు తెచ్చి వీళ్ళ మెట్ల ముందు గుమ్మరించేవాడు. ఒకరోజు ఆవిడ పోయి వాడి తట్టని ఒక్క తన్ను తన్నింది. చేపలన్నీ రోడ్డు మీద పొర్లాయి. వాడు ఆవిడ రెక్క పట్టుకుని ఈడ్చాడు. ఆవిడ వాడి మొహం గీరింది. వాడు చేత్తో ఒక్కటి విసిరాడు, కళ్ళజోడు ఎగిరి పడింది. పడినదాని మీద వాడు కావాలనే కాలు పెట్టి నలిపాడు. ఆ చప్పుడు ఆవిడకి వినబడింది.

అంతే. ఎంత నోరు, ఎంత బలం ఉన్నా ఏం లాభం? ఎదురుగా ఉన్నది మనిషో స్తంభమో తెలియదు. ఆ బురదలో, పొలుసుల్లో మోకాళ్ళ మీద కూర్చుని నేలంతా తడుముకుంటూ ఉంటే బజారు బజారంతా ఇకిలించింది. "అటు కాదక్కా, ఇటు ఇటు" అని ఒకడు, "కప్పని పట్టుకోకే" అని ఇంకొకడు. మొగుడు పరుగెత్తుకొచ్చి చేపలవాడి చేతిలో తనూ నాలుగు తిని, పెదవి చిట్లి, ఆవిణ్ణి చెయ్యిపట్టుకుని పసిపిల్లని నడిపించినట్టు ఇంటికి నడిపించుకుపోయాడు.

ఇంటికెళ్ళాక ఆవిడ నీళ్ళబిందె గోడకేసి కొట్టింది. తర్వాత సొట్టపడిన ఆ బిందె పక్కనే కూలబడి ఏడ్చింది. "వాడు కొట్టినందుకు కాదయ్యా. నేను గుడ్డిదాన్నని అందరికీ తెలిసిపోయింది. ఇంక ఈ గాజుముక్కల మీద నేను బతకను" అంది. మొగుడు చిట్లిన పెదవి తుడుచుకున్నాడు. ఆ ఏడుపు అతని మనసులో నుంచి మరి పోలేదు.

కళ్ళజోడు లేకుండా చెయ్యడమెలాగో ఆవిడకి ఫోనులో దొరికింది. గడ్డం పెంచుకున్న ఒక పెద్దమనిషి, వెనకాల పచ్చటి తోట, మెత్తటి గొంతు. కళ్ళజోడు కళ్ళని సోమరుల్ని చేస్తుందట. ఉన్న నంబరు కంటే తక్కువది పెట్టుకుంటే కళ్ళు తప్పక కష్టపడతాయట. అలవాటు కాగానే ఇంకా తక్కువది, ఆ తర్వాత ఇంకా తక్కువది, చివరికి ఏమీ అక్కర్లేదట. పొద్దున లేచి అరచేతులు రుద్ది కళ్ళమీద కప్పుకోవాలి. దూరంగా ఉన్న అక్షరాలు చదవాలి. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

కళ్ళజోళ్ళ కొట్టాయన నెమ్మదస్తుడు. "తొమ్మిది ఉన్నవాళ్ళకి ఏడు ఎలా వేస్తానమ్మా? నిన్న చూపించుకున్నా తొమ్మిదే, ఇవాళ చూపించుకున్నా తొమ్మిదే" అన్నాడు.

"నీ సొమ్మేం పోయింది? అడిగింది వెయ్యి."

"నీ కళ్ళు పోతాయమ్మా. ఇంతకీ ఏం పని చేస్తావు నువ్వు?"

"మనుషుల్ని నరుకుతా. వేస్తావా, లేదా?" అని బల్ల మీద గుద్దింది. అద్దాల పెట్టె మీద ఫ్రేములన్నీ గలగలా కింద పడ్డాయి. ఆయన వాటిని ఏరుకోవడం మానేసి ఏడు రాసుకున్నాడు. ఏం చేస్తాడు పాపం, పెళ్ళాం బిడ్డలు ఉన్నవాడు.

చిత్రమేమిటంటే ఆ ఏడు నంబరుతో మొద్దు మీద ఏమంత తేడా పడలేదు. రోడ్డు అవతలి మొహాలు కాస్త అలికినట్టు అయ్యాయి గానీ, చేతికందే దూరంలో అన్నీ బాగానే కనబడ్డాయి. దాంతో ఆవిడ సంబరం ఆకాశాన్నంటింది. "చూశారా అత్తయ్యా, కళ్ళు దారికొస్తున్నాయి" అంది. ముసలావిడ పీట మీద నుంచి "నువ్వు దారికొస్తే అంతే చాలు తల్లీ" అంది. పాత కళ్ళజోడుని కోడలు చెత్తబుట్టలో పారేస్తే, ముసలావిడ ఆమె చూడకుండా తీసి గల్లాపెట్టెలో ఒక మూల దాచింది. నలిగినదాని తర్వాత చేయించినదే అది. మంచి వస్తువు పారెయ్యడం ముసలావిడకి ఎప్పుడూ చేతకాదు.

రోజూ షట్టరు ఎత్తగానే ఎదురు బట్టలకొట్టు బోర్డు పైకి చదివేది. గడగడా చదివేది. ఎందుకు చదవదూ! ఆ బోర్డు అక్కడ పదేళ్ళ నుంచి వేలాడుతోంది, అక్షరం అక్షరం నోటికొచ్చు. ఆ మాట ఆవిడకి చెప్పే మొనగాడు బజార్లో లేడు.

కొన్నాళ్ళకి ఆరు చేయించుకుంది. ఆ తర్వాత అయిదున్నర. అప్పటికి మొద్దు మీద మాంసం ఎక్కడ అయిపోయిందో, చెయ్యి ఎక్కడ మొదలైందో పొద్దున పూట మసకమసకగా ఉండేది. చికిలించి చూసేది. తలనొప్పి పుట్టేది. నొప్పి వస్తోందంటే కళ్ళు పనిచేస్తున్నట్టే అని గడ్డపాయన ముందే చెప్పాడు కదా! తలనొప్పికి కోపం పెరిగింది. ముక్క చిన్నదిగా కొట్టమన్న ఒకడి మీదకి మేకకాలు ఎత్తి విసిరింది. వాడి ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. ఇంట్లో కంచాలు ఎగిరాయి. మొగుడు మెల్లగా చేతులు వెనక్కి జరిపి, కాలు చివర్న పట్టుకోవడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, అంత దూరం నుంచి పట్టుకుంటావేం? నా కత్తంటే భయమా?"

"భయమేం కాదే."

"మరి దగ్గరికి రా. చివర పట్టుకుంటే ఎముక దొర్లుతుంది, దెబ్బ జారుతుంది. మీ నాన్న ఇదేనా నేర్పింది?" అని కత్తి పిడితో అతని భుజం మీద ఒక్కటి పొడిచింది.

మర్నాడు అతను చూపుడువేలికి తెల్లటి గుడ్డ చుట్టుకుని వచ్చాడు. గోరుచుట్టు లేచిందన్నాడు. చెయ్యి మళ్ళీ పాత చోటికే తెచ్చిపెట్టాడు, కత్తికి జానెడు దూరంలోకి. ఆ రోజు ఆవిడ దెబ్బ ఒక్కటి కూడా తప్పలేదు. ఎర్రటి మాంసం పక్కన అతని వేలు స్పష్టంగా, విడిగా, కొట్టొచ్చినట్టు కనబడింది. ఆవిడ సంతోషం పట్టలేకపోయింది.

"ఓరి నాయనోయ్, నీ వేలు ఎంత బాగా కనబడుతోందో తెలుసా! మొన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా! అయిదున్నరతోటి!"

"అవునా? మంచిదే కదా" అన్నాడతను.

ఆ గోరుచుట్టు ఎంతకీ తగ్గలేదు. వానలు వచ్చి పోయాయి, చలి వచ్చింది, వేలికి గుడ్డ మాత్రం అలాగే ఉంది. రోజూ పొద్దున్నే ఉతికిన కొత్త గుడ్డ. మధ్యాహ్నం ఇంకొకటి. లోకంలో ఎవరికీ రాని గోరుచుట్టు తన మొగుడికే ఎందుకొచ్చిందని ఆవిడ ఒక్కసారైనా అడిగి ఉంటే బాగుండేది. తన కళ్ళ గొడవలో తనుంటే ఆ వేలు సంగతి ఎవరికి పట్టింది! వేలు బాగా కనబడుతోందన్న ధైర్యంతో పోయి అయిదు చేయించుకుంది.

ఆ ఆదివారం జనం షట్టరు దగ్గర్నుంచి రోడ్డు మీదికి నిలబడ్డారు. పొద్దుటి నుంచీ ఊపిరాడని పని. ఎదురుకొట్టు చేపలవాడు చేపలు తోముతూ అక్కడి నుంచే అరిచాడు. "ఏమమ్మోయ్ సోడాబుడ్డీ, అద్దాలు పల్చబడ్డాయేం? మళ్ళీ తడుముకోవడానికి తయారుగా ఉన్నావా?"

జనం నవ్వారు. ఆవిడకి కణతలు అదిరాయి. కత్తి పట్టుకునే రోడ్డు దాటింది. జనం చెల్లాచెదురయ్యారు. వాడు తట్ట వదిలేసి గోడకి ఆనుకున్నాడు. ఆవిడ కత్తి తిప్పి దాని వెనకవైపుతో వాడి మోచేతి మీద కొట్టింది. వాడు కుయ్యోమని కూలబడ్డాడు. "ఇంకొక్కసారి ఆ మాట అన్నావో, తోలు ఒలిచి ఆ కొక్కేనికి వేలాడదీస్తా. నాకు చేతనైన పనే అది!" మొగుడు వెనక నుంచి నడుం పట్టుకుని లాక్కొచ్చాడు. మొద్దు దగ్గరికి రాగానే ఆవిడ మళ్ళీ కత్తి ఎత్తింది.

"పట్టుకో" అంది.

"ఒక్క నిమిషం ఆగవే. గుడ్డ మార్చుకుని వస్తా."

పొద్దుటి నుంచీ మార్చుకునే తీరిక లేక ఆ గుడ్డ రక్తం పీల్చి పీల్చి మాంసం రంగులోకి తిరిగిపోయింది. అతను దాన్ని ఎత్తి చూపించాడు కూడా. ఆవిడకేం కనబడుతుంది!

"గుడ్డా లేదు, గాడిదగుడ్డూ లేదు. జనం నిలబడి ఉంటే సోకులా నీకు? వాడి ముందు నన్ను చేతకానిదాన్ని చేస్తావా? పట్టుకోమంటుంటే!"

అతను ఆవిడ మొహం వంక చూశాడు. తొడ తెచ్చి మొద్దు మీద పెట్టి అదిమిపట్టాడు. ఆవిడ చేపలవాణ్ణి తలుచుకుంటూ ఉన్న బలమంతా పెట్టి కొట్టింది.

చప్పుడు తేడాగా వచ్చింది. మేక ఎముక చప్పుడు ఆవిడకి నిద్రలో కూడా తెలుసు. ఇది అది కాదు. అతను అరవలేదు, గాలి పీల్చాడంతే. ముందు వరసలో ఉన్న ఒకావిడ కెవ్వుమంది. అత్తగారు పీట తన్నేసి లేచింది. మొద్దు గుంటలో ఎర్రగా ఏదో ఉంది. అది ముక్కో, మనిషి వేలో తెలుసుకోవడానికి ఆవిడ మొహం మొద్దుకి జానెడు దూరం దాకా వంచాల్సి వచ్చింది. అప్పుడు కనబడింది. ఒకటి కాదు, రెండు. ఒకదానికి గుడ్డ ఇంకా చుట్టుకునే ఉంది.

ఆసుపత్రిలో మళ్ళీ అతికించడం కుదరదన్నారు. కత్తి ఏటవాలుగా దిగి ఎముకని పిండి చేసిందన్నారు. చూపుడువేలు, మధ్యవేలు మొదలంటా పోయాయి. బయట బెంచీ మీద ఆవిడ రక్తం మరకలతో అలాగే కూర్చుంది. ఏడవలేదు, ఎవర్నీ తిట్టలేదు. తిట్టని కోడల్ని చూసి అత్తగారికి మరీ భయమేసింది. గల్లాపెట్టెలోంచి తీసి కొంగున కట్టుకొచ్చిన పాత కళ్ళజోడు ఆమె ఒళ్ళో పడేసింది.

"పెట్టుకో. పెట్టుకుని లోపలికి పోయి నా కొడుకు చెయ్యి చూడు. రెండు చేతులూ చూడు."

ఆవిడ పెట్టుకుంది. గోడలు, తలుపులు, మనుషుల మొహాలు ఒక్కసారిగా మీదికి వచ్చిపడ్డాయి. లోపలికి పోయింది. అతను పడుకుని ఉన్నాడు. ఎడమచెయ్యి కట్టులో ఉంది. ఆ కట్టు పైన, మణికట్టు దగ్గర సన్నటి గీత, మానిన గాయం. బొటనవేలి పక్కన ఇంకోటి. కుడిచెయ్యి తిప్పి చూసింది. చిటికెనవేలి కొస చదునుగా ఉంది, గోరు సగమే మొలిచింది. అరచేతి అంచున కుట్లు వేయించుకోని గాటు తెల్లగా గట్టిపడి ఉంది. రోజూ ఒకే కంచం ముందు కూర్చుని తినే మనిషి చేతులు అవి. ఆవిడకి ఒక్కటీ తెలియదు.

"ఇవన్నీ నేనేనా?"

అతను కుడిచెయ్యి దుప్పటి కిందికి లాక్కున్నాడు.

"గోరుచుట్టు ఎక్కడయ్యా?"

"లేదే. తెల్లగా ఉంటే నీకు కనబడుతుందని చుట్టుకున్నా."

"నోరు పడిపోయిందా నీకు? నీకు కనబడట్లేదు, తీసెయ్ ఆ దరిద్రపు కళ్ళజోడు అని ఒక్క మాట అంటే ఏం పోయింది? నా మొహం చూసి చెయ్యి లాగెయ్యమని చెప్పాడు కదా మీ నాన్న!"

"ఎప్పుడూ చికిలించే ఉంటివి. ఇంక ఎప్పుడు లాగను?" అన్నాడు. "ఆ రోజు బజార్లో నేల తడుముకుంటుంటే చూశాను కదే. నీకు కనబడట్లేదని మళ్ళీ నా నోటితో ఎలా అనను? బాగా కనబడుతోందని అంత సంతోషపడితివి."

ఆవిడ బయటికి వచ్చి, అత్తగారిని దాటుకుని నేరుగా కొట్టుకి నడిచింది. షట్టరు సగం ఎత్తి లోపలికి దూరింది. మొద్దు ఎవరూ కడగలేదు. ఎడమచెయ్యి గుంటలో పెట్టి కుడిచేత్తో కత్తి ఎత్తింది. వెనకే రొప్పుకుంటూ వచ్చిన ముసలావిడ జుట్టు పట్టి వెనక్కి గుంజి, చెంప మీద ఈడ్చి ఒక్కటి కొట్టింది. జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి! కత్తి గచ్చు మీద ఖంగుమంది.

"వాడికి రెండు వేళ్ళు పోయాయి. నీవి కూడా పోతే వాడికి అన్నం ఎవత్తి వండి పెడుతుందే? సిగ్గుంటే ముందు మొద్దు కడుగు."

ఆవిడ కడిగింది. ఇనుప బ్రష్షుతో రుద్ది రుద్ది కడిగింది. అయిదు నంబరు కళ్ళజోడు తీసి మొద్దు మీద పెట్టి కత్తి వెనకవైపుతో పొడి చేసింది. ఆ చప్పుడు మాత్రం ఆవిడకి పాతదే.

గాయం మానాక కొట్టు మళ్ళీ తెరిచారు. అతని ఎడమచేతిలో మూడే వేళ్ళు, ఎముక దొర్లకుండా అదిమిపట్టే బలం ఇంక లేదు. పట్టుకోవడానికి మనిషిని పెట్టుకోమని అందరూ చెప్పారు. "ఇంకొకడి చెయ్యి నా కత్తి కింద పెట్టను" అని ఆవిడ తెగేసి చెప్పి, మొద్దుకి అటువైపు వెళ్ళి నిలబడింది. కత్తి మొగుడి ముందుకి తోసింది. బజారు బజారంతా చూస్తోంది. చేపలవాడు కూడా కట్టు కట్టిన మోచెయ్యి పట్టుకుని చూస్తున్నాడు.

ఆవిడ కాలు తెచ్చి మొద్దు మీద అదిమిపట్టింది. సోడాబుడ్డి కళ్ళజోడు పైకి నెట్టుకుని మొగుడి మొహంలోకి చూసింది. తొమ్మిది నంబరులో అన్నీ కనబడుతున్నాయి. అతని నుదుటి మీద చెమట, పళ్ళతో బిగబట్టిన పెదవి, దాని మీద చేపలవాడు కొట్టిన పాత మచ్చ. అతను కత్తి ఎత్తాడు. భుజం దగ్గర్నుంచీ వణుకు మొదలైంది. కత్తి మొన గాలిలో ఊగుతోంది. ఇన్నాళ్ళూ అతను ఇటువైపు నిలబడడమంటే ఇదన్నమాట.

"చెయ్యి వెనక్కి తియ్యవే. నా వల్ల కాదు, ఎక్కడ పడుతుందో నాకే తెలియదు" అన్నాడు.

"నువ్వు తీశావా?" అంది ఆవిడ. "కొట్టు."